మంచుబండి కథ: టూ-స్ట్రోక్, ఫోర్-స్ట్రోక్ వివాదం

యంత్రాల చరిత్ర చదివేటప్పుడు మనకు తెలియకుండానే ఒక నమ్మకం మనసులో స్థిరపడిపోతుంది. పాతది పోతుంది, కొత్తది వస్తుంది. పొగ చిమ్మేది ఓడుతుంది, శుభ్రమైనది గెలుస్తుంది. ఈ వరుస ప్రకృతి నియమం వంటిదని అనుకుంటాం. అలా అనుకోవడానికి మన రోడ్లే సాక్ష్యం. పెట్రోలు బంకులో ఆయిల్ కలిపించుకుని, వెనక నీలిపొగ వదులుతూ పరుగెత్తిన యమహా ఆర్.ఎక్స్.100 వంటి టూ-స్ట్రోక్ బండ్లు ఒక తరం యువకుల కలలను ఏలాయి. దాని తయారీ 1996లో ఆగిపోయింది. ఆ తరువాత ఉద్గార నియమాలు బిగిసిన కొద్దీ ఫోర్-స్ట్రోక్ బండ్లు రోడ్డును పూర్తిగా ఆక్రమించాయి. కథ ముగిసింది.

కాని ఇదే పోరాటం భూగోళం మీద మరొక చోట, మంచు మీద, జరిగింది. అక్కడ కథ ఇలా ముగియలేదు. కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాలు, స్కాండినేవియా దేశాలలో నడిచే స్నోమొబైల్ (మనం మంచుబండి అందాం) చరిత్రను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. పొగబండి అని అందరూ తీసిపారేసిన టూ-స్ట్రోక్ అక్కడ బతికి బట్టకట్టింది. శుభ్రమైన ఫోర్-స్ట్రోక్ మీద సర్వస్వం ఒడ్డిన సంస్థ రంగం నుంచే తప్పుకుంది. ఇది ఎందుకు జరిగిందో అర్థం చేసుకుంటే, సాంకేతికత గురించీ, చట్టం గురించీ కొన్ని విలువైన విషయాలు తెలుస్తాయని నా అభిప్రాయం.

ముందుగా రెండు ఇంజన్ల తేడా క్లుప్తంగా. ఫోర్-స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ నాలుగు సార్లు కదిలితే ఒకసారి శక్తి పుడుతుంది. గాలీ ఇంధనమూ లోపలికి పీల్చుకోవడం, నొక్కడం, మండించడం, మిగిలిన పొగను బయటికి తోయడం, ఇవి నాలుగూ వేరువేరు పనులు. వీటిని క్రమంలో నడిపించడానికి వాల్వులు, కామ్ షాఫ్టు, అడుగున ఆయిల్ నిలవ కావాలి. టూ-స్ట్రోక్‌లో పిస్టన్ రెండు కదలికలలోనే ఇదంతా ముగుస్తుంది. వాల్వులు లేవు, సిలిండరు గోడలోని రంధ్రాలను పిస్టనే మూస్తుంది, తెరుస్తుంది. కనుక ప్రతి చుట్టుకూ ఒకసారి శక్తి పుడుతుంది. భాగాలు తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ. అయితే ఒక పెద్ద లోపం ఉంది. కొత్త ఇంధనం లోపలికి వస్తూ పాత పొగను బయటికి నెట్టే క్షణంలో రెండు ద్వారాలూ తెరిచే ఉంటాయి. వచ్చిన ఇంధనంలో కొంత భాగం, పాత నమూనాలలో ఇంచుమించు నాలుగో వంతు, మండకుండానే బయటికి జారిపోతుంది. దానితో పాటు కందెనగా కలిపిన ఆయిల్ కూడా మండి పొగ అవుతుంది. ఆ వాసన, ఆ నీలిరంగు వాటి నుంచే.

ఇక చరిత్ర. క్యూబెక్ రాష్ట్రంలోని వాల్‌కూర్ అనే ఊరిలో 1907లో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే జన్మించాడు. చిన్ననాటి నుంచి యంత్రాల పిచ్చి. స్వగ్రామంలో మెకానిక్ షాపు పెట్టుకుని, చలికాలంలో మంచు మీద నడిచే వాహనం కోసం ప్రయోగాలు చేస్తూ ఉండేవాడు. 1934 శీతకాలంలో అతని రెండేళ్ళ కొడుకు ఇవోన్‌కు అపెండిసైటిస్ ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి తీసుకువెళ్ళే సాధనం లేదు. షాపులో ఉన్న నమూనా ఇంకా నడిచే స్థితిలో లేదు. బిడ్డ దక్కలేదు. మంచుబండి ఈనాడు విలాసవస్తువుగా కనిపిస్తుంది కాని, దాని పుట్టుక వెనుక ఈ దుఃఖం ఉందని మరిచిపోకూడదు.

1937లో అతను పళ్ళచక్రమూ రబ్బరు పట్టా కలిసిన నడక వ్యవస్థకు పేటెంటు పొందాడు. ఏడుగురు కూర్చునే బి-7, ఆ తరువాత పన్నెండుగురు కూర్చునే బి-12 వచ్చాయి. వైద్యులు, తపాలా ఉద్యోగులు, బడిపిల్లలు వాటిలో ప్రయాణించారు. 1942లో సంస్థ స్థాపన జరిగింది. 1948లో క్యూబెక్ ప్రభుత్వం చలికాలంలో రోడ్ల మీద మంచు తొలగించాలని నిర్ణయించడంతో ఆ పెద్ద వాహనాల గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది. పదకొండేళ్ళ తరువాత, 1959లో, ఒకరిద్దరు మాత్రమే ఎక్కే చిన్న బండి వచ్చింది. కుక్కలు లాగే బండికి బదులు కనుక 'స్కీ-డాగ్' అని పేరు పెట్టబోతే అచ్చుతప్పు పడి 'స్కీ-డూ' అయిందని ప్రసిద్ధమైన కథ. మొదటి సంవత్సరం అమ్ముడుపోయినవి 225 బండ్లు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఆ 1959 స్కీ-డూకు అమర్చినది కోలర్ సంస్థ తయారుచేసిన ఏడు అశ్వశక్తుల ఫోర్-స్ట్రోక్ ఇంజను! దానికంటే కొద్దిగా ముందు, 1956 ఆరంభంలో, మినిసోటా రాష్ట్రం ఉత్తరపు అంచున ఉన్న రోజో అనే చిన్న ఊరిలో, పొలారిస్‌గా పేరు పొందిన వ్యవసాయ పరికరాల షాపులో డేవిడ్ జాన్సన్ తదితరులు తమ మొదటి మంచుబండి చేశారు. దాని పట్టా ధాన్యం పైకెత్తే కన్వేయరు నుంచి తెచ్చినది. ఇంజను బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారిది. అదీ ఫోర్-స్ట్రోకే. అంటే ఫోర్-స్ట్రోక్ ఆధునికం, టూ-స్ట్రోక్ పాతకాలపుది అనే వరుసే ఇక్కడ తలకిందులు. మంచుబండి పుట్టింది ఫోర్-స్ట్రోక్‌తో. దానిని తోసిరాజని టూ-స్ట్రోక్ వచ్చింది. 1960 దశకంలో ఆస్ట్రియాలోని రోటాక్స్ ఇంజన్లు స్కీ-డూకు చేరాయి. 1970లో బొంబార్డియే సంస్థ రోటాక్స్ కర్మాగారాన్నే కొనేసింది. అప్పటికి వ్యవస్థాపకుడు మరణించి (1964) ఆరేళ్ళయింది.

టూ-స్ట్రోక్ ఎందుకు గెలిచింది? మొదటి కారణం బరువు. రోడ్డు బండిని మోసేది నేల. మంచుబండిని మోసేది కొత్తగా కురిసిన పొడిమంచు. మోయలేకపోతే బండి కూరుకుపోతుంది. నడిమంచులో కూరుకుపోయిన బండిని ఒక్కడే పైకి లాగవలసి వచ్చినవాడికి ప్రతి కిలో బరువూ ఒక శత్రువే. రెండవది చలి. సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన ఆ రోజుల ఆయిల్ బంకలా గట్టిపడేది. అడుగున ఆయిల్ నిలవే లేని టూ-స్ట్రోక్ ఒక తాడు లాగితే లేచేది. మూడవది బండి నడక పద్ధతి. మంచుబండిలో గేర్లు మార్చే పని లేదు. రబ్బరు బెల్టూ, అపకేంద్ర బలంతో పనిచేసే క్లచ్చూ కలిసి, ఇంజను ఎల్లప్పుడూ గరిష్ఠ శక్తినిచ్చే వేగంలో తిరిగేటట్టు చూస్తాయి. టూ-స్ట్రోక్ ఒక సన్నని వేగపరిధిలోనే బాగా పనిచేస్తుంది. రోడ్డు మీద అది లోపం, ఇక్కడ ఆ లోపం కనబడదు. నాలుగవది తమాషా అయినది. వాల్వులు లేని టూ-స్ట్రోక్‌ను ఎదురు దిశలో కూడా తిప్పవచ్చు. ఇంజనును ఆగిపోయేంత నెమ్మదింపజేసి, సరైన క్షణంలో నిప్పురవ్వ ఇచ్చి, వెనక్కి తిరిగేలా చేసే ఎలక్ట్రానిక్ రివర్స్‌ను రోటాక్స్ వారు 1990 దశకంలో తెచ్చారు. రివర్స్ గేరు పెట్టె బరువు కూడా తప్పింది!

ఈ చిన్న బండి ప్రభావం వినోదానికే పరిమితం కాలేదు. ఉత్తర ఫిన్లండ్‌లోని స్కోల్ట్ సామీ ప్రజలు రెయిన్‌డీర్ మందల మీద బతికేవారు. 1962లో వారి ప్రాంతానికి మొదటి మంచుబండి చేరింది. పదేళ్ళలో జీవితం మారిపోయింది. మానవశాస్త్రవేత్త పెర్ట్టి పెల్టో 1973లో ప్రచురించిన 'ది స్నోమొబైల్ రివల్యూషన్' ఆ మార్పునే వివరించింది. రోజుల ప్రయాణం గంటలకు తగ్గింది, నిజమే. కాని బండి కొనడానికి, పెట్రోలుకు, విడిభాగాలకు నగదు కావాలి. యంత్రాల మోతకు మందలు బెదిరి మచ్చిక తప్పాయి. బండి కొనగలిగినవాడు నిలిచాడు, కొనలేనివాడు మందను పోగొట్టుకున్నాడు. ఈ పుస్తకం గురించి చదివినప్పుడు నాకు తట్టినది ఇది: యంత్రం మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు ముందు, ఎవరికి అనే ప్రశ్న వేసుకోవాలి.

1971 నాటికి ఉత్తర అమెరికాలో ఒక్క ఏడాదిలో సుమారు 4,95,000 మంచుబండ్లు అమ్ముడుపోయాయి. వందకు పైగా తయారీదార్లు. తరువాత చమురు సంక్షోభం, మంచు సరిగా కురవని శీతకాలాలు వచ్చాయి. ఒకరి తరువాత ఒకరు మూతపడ్డారు. ఆర్కిటిక్ క్యాట్ బండ్లు చేసే ఆర్కిటిక్ ఎంటర్‌ప్రైజెస్ సైతం 1981లో దివాలా తీసి, తిరిగి లేవవలసి వచ్చింది. చివరికి మిగిలినవి నాలుగు: కెనడాకు చెందిన స్కీ-డూ, మినిసోటాకు చెందిన పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్, జపాన్‌కు చెందిన యమహా. నాలుగూ టూ-స్ట్రోక్‌నే నమ్ముకున్నాయి. పొగ గురించి పట్టించుకున్నవారు తక్కువ. చలికాలంలో అడవికి ఎవరు వస్తారు కనుక?

ఎల్లోస్టోన్‌కు వచ్చారు. 1872లో ఏర్పడిన ఆ జాతీయ వనంలోకి 1963లో మొదటిసారి మంచుబండ్లను అనుమతించారు. 1990 దశకం నాటికి రద్దీ ఉన్న రోజులలో వెయ్యికి పైగా బండ్లు లోపలికి వచ్చేవి. గాలి కదలని చలి ఉదయాలలో పశ్చిమ ద్వారం దగ్గర బండ్లన్నీ బారులు తీరి ఇంజన్లు ఆపకుండా నిలబడితే, పొగ నేలను అంటిపెట్టుకుని పొగమంచులా పేరుకునేది. టిక్కెట్లిచ్చే గదులలోకి స్వచ్ఛమైన గాలిని గొట్టాల ద్వారా పంపవలసి వచ్చింది. 2000 దశకం తొలి శీతకాలాలలో ఆ ద్వారం దగ్గర రేంజర్లు గాలి వడపోసే తొడుగులు ముఖానికి ధరించి విధులు నిర్వహించిన ఛాయాచిత్రాలు దేశమంతటా ప్రచురితమయ్యాయి. ప్రపంచపు మొట్టమొదటి జాతీయ వనంలో, దానిని కాపాడే ఉద్యోగి ఊపిరి పీల్చుకోవడానికి పరికరం కావలసి రావడం! ఈ చిత్రం వెయ్యి నివేదికలు చేయలేని పని చేసిందని నేననుకుంటాను.

అయితే వ్యాజ్యం మొదలైనది పొగతో కాదు, అడవిదున్నలతో. 1996-97 నాటి కఠిన శీతకాలంలో వనం హద్దు దాటిన వెయ్యికి పైగా బైసన్‌లను, పశువులకు రోగం అంటుతుందన్న భయంతో చంపివేశారు. మంచుబండ్ల కోసం చదును చేసిన దారుల వెంటే అవి బయటికి వెళుతున్నాయని 1997లో జంతు సంరక్షణ సంస్థలు న్యాయస్థానానికి ఎక్కాయి. క్లింటన్ ప్రభుత్వం చివరి రోజులలో, 2001 జనవరిలో, 2003-04 శీతకాలం నాటికి మంచుబండ్లను దశలవారీగా నిషేధించే నియమం వెలువడింది. తయారీదార్ల సంఘం దావా వేసింది. బుష్ ప్రభుత్వం రాజీ పడి, నిషేధానికి బదులు పరిమితులు చాలునంది. 2003 డిసెంబరు 16న, వనం తెరవడానికి సరిగ్గా ఒక రోజు ముందు, వాషింగ్టన్‌లో న్యాయమూర్తి ఎమ్మెట్ సలివన్ పాత నిషేధాన్ని పునరుద్ధరించాడు. రెండు నెలలు తిరగకుండానే, 2004 ఫిబ్రవరిలో, వయోమింగ్‌లో న్యాయమూర్తి క్లారెన్స్ బ్రిమ్మర్ ఆ నిషేధాన్ని నిలిపివేశాడు. ఒకే చలికాలంలో ఒకే దేశపు ఇద్దరు న్యాయమూర్తులు చెరొక దిక్కుకు లాగితే, నలిగినవారు వనం అంచున వెస్ట్ ఎల్లోస్టోన్ అనే ఊరిలో మంచుబండ్లు అద్దెకిచ్చి బతికే జనం. గది బుక్ చేసుకున్న అతిథికి ఏం చెప్పాలో తెలియని స్థితి వారిది. వనం ఉద్యోగి ఊపిరి ఒకవైపు, ఊరి కూడు ఒకవైపు. వీటిలో ఏదీ తేలికైనది కాదు.

ఈ గందరగోళం నుంచి బయటికి దారి చూపినది ఒక కొలమానం. వనంలోకి వచ్చే బండి కిలోవాట్-గంటకు 15 గ్రాములకు మించి హైడ్రోకార్బన్లు, 120 గ్రాములకు మించి కార్బన్ మోనాక్సైడ్ వదలకూడదన్నది అప్పటి నియమం. మోత 73 డెసిబెళ్ళు మించకూడదని కూడా అప్పట్లో నిర్ణయించారు. సాధారణ టూ-స్ట్రోక్‌తో పోలిస్తే హైడ్రోకార్బన్లలో 90 శాతం, కార్బన్ మోనాక్సైడ్‌లో 70 శాతం తగ్గుదల అన్నమాట. 2004 నుంచి రోజుకు 720 బండ్లు, అవీ గైడు వెంట మాత్రమే అనే తాత్కాలిక పద్ధతి అమలైంది. మరికొన్ని దావాల తరువాత, 2013 నాటి నియమంతో వివాదం చాలావరకు సద్దుమణిగింది. వనం లోపల ఫోర్-స్ట్రోక్ గెలిచింది. అక్కడి అద్దెబండ్లు దాదాపు అన్నీ అవే అయ్యాయి.

వనం బయట? అమెరికా పర్యావరణ సంస్థ 2002లో మొట్టమొదటిసారి మంచుబండ్లకు ఉద్గార పరిమితులు ప్రకటించింది. 2006లో మొదలై దశలవారీగా బిగిసే నియమాలవి. హైడ్రోకార్బన్లకు 100 గ్రాములు, కార్బన్ మోనాక్సైడ్‌కు 275 గ్రాములు మొదటి గీత. ఇందులో కీలకం ఏమిటంటే, ఈ పరిమితి ఒక్కొక్క బండికి కాక తయారీదారు అమ్మే బండ్లన్నిటి సగటుకు వర్తిస్తుంది. ఏ ఇంజను వాడాలో చట్టం చెప్పలేదు. ఎంత పొగ సబబో మాత్రమే చెప్పింది. ఇక్కడే నాలుగు సంస్థల దారులు వేరయ్యాయి.

యమహా సాహసించింది. తన ఆర్-1 రేసు మోటారు సైకిలు నుంచి పుట్టిన 998 సి.సి., నాలుగు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ ఇంజనుతో 2003 మోడల్‌గా ఆర్.ఎక్స్-1 అనే మంచుబండిని తెచ్చింది. అంతవరకు ఫోర్-స్ట్రోక్ అంటే నెమ్మదైన పర్యాటకుల బండి అనే భావన ఉండేది. దానిని ఇది బద్దలుకొట్టింది. నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరిగే ఇంజను వేగాన్ని క్లచ్చు తట్టుకునేందుకు మధ్యలో ఒక గేరు పెట్టారు. పొగ లేదు, వాసన లేదు, ఇంధనం ఆదా. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే యమహా తన ప్రధాన శ్రేణినంతా ఫోర్-స్ట్రోక్ వైపు మళ్ళించింది. భవిష్యత్తు ఇదేనని చాలామంది నమ్మారు. కాని బండి బరువు రెండు వందల యాభై కిలోలు దాటింది. తొక్కి గట్టిపరచిన దారుల మీద అది రాజు. పర్వతాల మీది లోతైన పొడిమంచులో మాత్రం కష్టపడింది.

బొంబార్డియే రెండు గుర్రాల మీదా స్వారీ చేసింది. ఒక చేత్తో ఫోర్-స్ట్రోక్‌లు తయారుచేస్తూనే, మరొక చేత్తో టూ-స్ట్రోక్‌ను శుద్ధి చేయడానికి పూనుకుంది. దాని సాధనం సముద్రం వైపు నుంచి వచ్చింది. పడవల ఇంజన్లు చేసే అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్, జర్మనీలో పుట్టిన ఫిష్ట్ అనే పద్ధతిలో ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజన్లను 1990 దశకంలో తెచ్చింది. తొలినాళ్ళలో అవి చెడిపోయి సంస్థకు అప్రతిష్ఠ మిగిలింది. 2000 డిసెంబరులో సంస్థ దివాలా తీసింది. 2001లో దాని ఎవిన్‌రూడ్, జాన్సన్ ఇంజన్ల విభాగాన్ని బొంబార్డియే కొన్నది. ఆ పద్ధతినే సంస్కరించి ఈ-టెక్ అని పేరుపెట్టింది. ఉపాయం చెప్పుకోవడానికి చాలా తేలిక. పొగను బయటికి నెట్టే పనిని ఒట్టి గాలికి అప్పగించాలి. బయటికి పోయే ద్వారం మూసుకునే వేళకు మాత్రమే ఇంధనాన్ని చిమ్మాలి. అప్పుడు జారిపోవడానికి ఇంధనమే ఉండదు. 2009 మోడల్ స్కీ-డూలో ఇది మంచు మీదికి వచ్చింది. పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్ కూడా తమతమ ఇంజెక్షన్ పద్ధతులతో టూ-స్ట్రోక్‌ను నిలబెట్టుకున్నాయి.

ఈ ఉపాయానికి అడవి అవతల కూడా ఒక జీవితం ఉంది. ఎల్లోస్టోన్ వివాదం వేడిలో, 2000లో, విద్యార్థుల కోసం శుభ్రమైన మంచుబండి పోటీ ఒకటి వయోమింగ్‌లో మొదలైంది. అందులో పాల్గొన్న కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వారు టూ-స్ట్రోక్‌కు నేరు ఇంజెక్షన్ అమర్చారు. ఆ అనుభవం నుంచి 2003లో ఎన్విరోఫిట్ అనే సంస్థ పుట్టింది. ఫిలిప్పీన్స్‌లో ట్రైసికిల్ తోలుకుని బతికేవారి పాత టూ-స్ట్రోక్ ఇంజన్లకు అదే మార్పు చేయడం దాని తొలి కార్యక్రమం. కొత్త బండి కొనే స్తోమత లేనివాడికి ఉన్న బండినే బాగుచేసి ఇస్తే ఊరి గాలికీ మేలు, అతని జేబుకూ మేలు. ధనికుల వనవిహారం గురించిన తగవు, పేదవాడి బతుకుబండికి ఉపకరించింది.

మరి ఫలితం? 2013 నాటికి యమహా తన ఇంజన్లను ఆర్కిటిక్ క్యాట్‌కు ఇచ్చి, వారి కర్మాగారంలో బండ్లు చేయించుకునే ఒప్పందానికి వచ్చింది. 2023 జూన్‌లో మంచుబండ్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఉత్తర అమెరికాకు 2025 మోడలే చివరిది. ఆర్కిటిక్ క్యాట్‌ను 2017లో టెక్స్‌ట్రాన్ కొన్నది. 2024 చివర ఉత్పత్తి నిలిపివేసింది. 2025లో సంస్థ మళ్ళీ చేతులు మారింది. నిలదొక్కుకున్న స్కీ-డూ, పొలారిస్ రెండూ టూ-స్ట్రోక్‌నూ ఫోర్-స్ట్రోక్‌నూ పక్కపక్కనే అమ్ముతున్నాయి. 2020 మోడల్‌లో స్కీ-డూ, 2022 మోడల్‌లో పొలారిస్ కర్మాగారంలోనే టర్బో అమర్చిన టూ-స్ట్రోక్‌లను తెచ్చాయి. విచిత్రమేమిటంటే, ఈ-టెక్ పుట్టిన పడవ ఇంజన్ల విభాగం, ఎవిన్‌రూడ్, 2020లో మూతపడింది. నీటి మీద ఓడిన విద్య మంచు మీద గెలిచింది.

యమహా ఓటమికి ఫోర్-స్ట్రోక్ ఒక్కటే కారణమని నేననను. మార్కెట్టు చిన్నది, శీతకాలాలు నమ్మదగినవి కావు, తక్కిన వ్యాపారాలు పెద్దవి. కాని ఒకటి మాత్రం స్పష్టం. యమహా ఇంజను సమస్యకు జవాబు కనిపెట్టింది. మిగిలినవారు మంచు అడిగిన ప్రశ్నను మరవలేదు. మంచు అడిగేది ఎప్పుడూ ఒకటే: నీ బరువెంత?

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది చట్టం పాత్ర. ఒత్తిడి లేకపోతే ఏ సంస్థా పొగ తగ్గించేది కాదు. నలభై ఏళ్ళ చరిత్ర దానికి నిదర్శనం. బలవంతంగానైనా తగ్గించవలసి వచ్చింది కనుకనే తగ్గించారు. అలాగని చట్టం టూ-స్ట్రోక్‌నే నిషేధించి ఉంటే, నేరు ఇంజెక్షన్ మంచు మీదికి వచ్చేదే కాదేమో. హద్దు గీయడం సమాజం పని. ఆ హద్దులోపల దారి వెతకడం ఇంజనీరు పని. ఈ రెండూ కలగాపులగం కానంతవరకు రెండు పనులూ బాగా జరుగుతాయి.

అయితే కొలమానానికి అందనిది ఒకటి మిగిలిపోతుంది. గ్రాములు తగ్గించవచ్చు, డెసిబెళ్ళు తగ్గించవచ్చు. మంచు కప్పిన లోయలో వేడినీటి బుగ్గ చప్పుడు తప్ప మరేమీ వినపడని నిశ్శబ్దాన్ని ఏ ఇంజనూ ఇవ్వలేదు, రెండు స్ట్రోకులదైనా, నాలుగు స్ట్రోకులదైనా. కొత్త నియమాలు బండ్లను గుంపులు గుంపులుగా, గైడు వెంట మాత్రమే పంపడంలోని ఆంతర్యం అదే: మోత ఎలాగూ తప్పదు కనుక, మోతకూ మోతకూ మధ్య ఎడమైనా మిగల్చడం. ఇరుపక్షాల మీదా గౌరవం ఉన్నవారు చేయగలిగిన ఒప్పందం అంతకు మించి ఉంటుందని నేననుకోను.